గోదారి ఒడ్డు బావరి

బోధన్ అనగానే ఎవరికైనా ముందు చక్కెరే గుర్తొస్తుంది. శక్కర్‌నగర్ క్వార్టర్లు, రోడ్డు పొడుగునా నిలబడ్డ చెరుకు బండ్లు, సీజన్‌లో ఊరంతా కమ్ముకునే మొలాసిస్ వాసన... నిజాం జమానాలో 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. సైరన్ ఆగిపోయినా మా వైపు పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ పొద్దును సైరన్ల లెక్కనే చెప్పుకుంటారు. అయితే చక్కెరకు చాలా ముందు, దగ్గర దగ్గర రెండున్నర వేల ఏండ్ల కింద, ఈ ఊరికి వేరే పేరు, వేరే దర్జా ఉండేవి. పోదన అన్నా, పోతన అన్నా, పౌదన్యపురం అన్నా మన బోధనే అని చాలామంది చరిత్రకారులు చెబుతారు. బుద్ధుడి కాలంలో లెక్కకెక్కిన 16 మహాజనపదాల్లో దక్షిణాదిన ఉన్నది ఒక్క అస్మకమే. దాని ముఖ్యపట్నం ఈ పోదన.

ఆ అస్మక దేశంలో, గోదావరి ఒడ్డున ఒక ముసలి గురువు ఉండేవాడు. పేరు బావరి. ఈ పేరు మీరు వినే ఉంటారు. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉంటే మరీను. తెలంగాణ నేల మీదికి బుద్ధుడి మాట మొదట ఎవరి వల్ల వచ్చిందంటే బావరి వల్ల అని టక్కున చెబుతారు. ఒక మార్కు వస్తుంది, పేజీ తిప్పేస్తారు. నేనూ బీఏలో అంతే చేశాను. ఆ మనిషి కథ పూర్తిగా చదివింది పెళ్లయి, పిల్లలు బడికి పోవడం మొదలయ్యాకే. చదివాక అనిపించింది, ఒక మార్కుకు ఇంత మనిషిని కుదించేశామా అని.

ఆయన కథ సుత్తనిపాతం అనే పాళీ పుస్తకంలో ఉంది. అందులో చివరి భాగం పేరు పారాయణ వర్గం. బౌద్ధ సాహిత్యంలో బాగా పాతదనాల్లో ఇదొకటని పండితుల మాట. దానికి కొన్ని వందల ఏండ్ల తర్వాత రాసిన వ్యాఖ్యానం కూడా ఉంది. వ్యాఖ్యాతలు కథను కొంచెం పెంచి చెబుతారు, మన పురాణం చెప్పే అయ్యవార్ల లాగే. అందుకని ఏది మూలంలో ఉందో ఏది వ్యాఖ్యానంలో ఉందో విడదీసి చెబుతాను.

బావరి పుట్టింది ఇక్కడ కాదు. కోసల దేశం, శ్రావస్తి నగరం. ఇవాళ్టి ఉత్తరప్రదేశ్‌లో నేపాల్ సరిహద్దు వైపు. అక్కడి రాజు మహాకోసలుడి కొలువులో పురోహితుడట. రాజు కొడుకు ప్రసేనజిత్తుకు చిన్నప్పుడు చదువు చెప్పింది ఈయనే. ప్రసేనజిత్తు గద్దెనెక్కాక ఇక తనకు కొలువు చాలని బావరి సెలవడిగాడు. శిష్యుడు వదిలిపెట్టలేదు. రాజోద్యానంలోనే ఉండమని బతిమాలి ఉంచుకున్నాడు. కొన్నాళ్లున్నాడు గానీ ఆ పట్నం సందడిలో మనసు నిలవక శిష్యుల్ని వెంటేసుకుని దక్షిణానికి బయల్దేరాడు. ఇదంతా వ్యాఖ్యానం చెప్పే మాట. మూలంలో మటుకు కోసల నగరం నుంచి ఏమీ లేనితనాన్ని కోరుకుంటూ దక్షిణాపథానికి వచ్చాడని క్లుప్తంగా ఉంటుంది. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చివరి రోజుల్లో ఊరు వదిలి పట్నంలో కొడుకుల ఫ్లాట్లకు చేరుకుంటున్నారు. ఈయన ఉల్టా నడిచాడు.

వచ్చి ఆగిన చోటు అస్మక రాజ్యానికీ అళక రాజ్యానికీ సరిహద్దు, గోదావరి తీరం. అళకనే మూలక అని కూడా అంటారు. ఈ రెండు దేశాల రాజుల్ని వ్యాఖ్యానం అంధక రాజులంటుంది. మన ఆంధ్ర అన్న మాటకు పాళీ రూపం అదే. ఆ చోట గోదావరి రెండు పాయలుగా చీలి మధ్యలో లంక ఏర్పడిందనీ, లంకంతా వెలగ చెట్ల అడవి అనీ రాసి ఉంది. నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలో బాదన్‌కుర్తి అనే ఊరుంది కదా, గోదారి పాయల నడుమ లంక మీద. బావరి ఆశ్రమం అదేనని పరిశోధకులు కొందరు గట్టిగా చెబుతున్నారు. పోచంపాడు దాటి కిందికి పోతే వస్తుంది. వినాయక చవితి పత్రిలో వెలగపండు పెట్టేటప్పుడు నాకిప్పుడు ఆ తోపే తలపుకొస్తుంది.

అక్కడ ఆయన ఏం తిని బతికాడో కూడా రాసిపెట్టారు. పండ్లు, కోతలయ్యాక మళ్లల్లో రాలిన గింజలు. మన దగ్గర పరిగె ఏరుకోవడం అంటామే, అదే. మా అమ్మమ్మ కాలంలో పరిగె ఏరుకున్నారంటే ఇంట్లో గింజ లేదని అర్థం. ఒకనాటి రాజపురోహితుడు దాన్ని వ్రతంగా పెట్టుకున్నాడు. మెల్లమెల్లగా ఆశ్రమం పక్కన పెద్ద ఊరొకటి వెలిసింది. ఆ ఊరి మీద ఆదాయం వచ్చింది. వచ్చిందాన్ని దాచుకోక బావరి మహాయజ్ఞం చేశాడు. అడిగిన వాళ్లకల్లా దానమిచ్చాడు. చేతిలో పైసా మిగలకుండా ఇచ్చేసి మళ్లీ ఆశ్రమంలోకి పోయి కూర్చున్నాడు.

అసలు కథ ఇక్కణ్ణుంచే.

యజ్ఞం ముగిశాక ఒక బ్రాహ్మడొచ్చాడు. నడిచి నడిచి పాదాలు పగిలి ఉన్నాయి, దప్పికతో ఉన్నాడు, పళ్లు గార పట్టి ఉన్నాయి, తలంతా దుమ్ము. బావరి ఆయన్ను కూర్చోబెట్టాడు, క్షేమమా అని అడిగాడు. ఆయన తనకు 500 నాణేలు కావాలన్నాడు. ఇవ్వాల్సిందంతా ఇచ్చేశాననీ, తన దగ్గర ఏమీ మిగల్లేదనీ, మన్నించమనీ బావరి వేడుకున్నాడు. వచ్చిన మనిషి మన్నించలేదు. ఏదో తంతు చేసినట్టు చేసి, ఏడో రోజుకు నీ తల ఏడు చెక్కలవుతుందని శాపం పెట్టి పోయాడు.

బావరి కుంగిపోయాడు. తిండి మానేశాడు. మనిషి ఎండిపోయాడు. ధ్యానంలో మనసు నిలవడం మానేసింది. మూడు వేదాలూ చదివిన వాడు, వందల మందికి చదువు చెప్పేవాడు, ఎవడో దారిన పోయే మనిషి నోటి మాటకు అంతగా బెదిరాడు. పుస్తకం ఈ సంగతిని దాచకుండా రాయడం నాకు బాగా నచ్చింది.

ఎందుకంటే ఈ బెదురు మా ఇంట్లో చూశాను. ఆడబిడ్డ పెళ్లి చేసి ఇల్లు ఊడ్చుకుపోయి ఉన్న రోజులు. మిట్టమధ్యాహ్నం కాషాయం కట్టిన మనిషొకడు గడపలోకొచ్చి శాంతి చేయిస్తానని వెయ్యి నూటపదహార్లు అడిగాడు. మా అత్తమ్మ లేవంటే లేవంది. నిజంగానే లేవు. నెల తిరక్కముందే ఈ ఇంట్లో దీపం ఆరుతుందని చెప్పి గుమ్మం మీద బూడిద చల్లి పోయాడు. అంతే, ఆమెకు అన్నం సయించలేదు. రాత్రిళ్లు లేచి నా కొడుకు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వర్ని దగ్గరి బడాపహాడ్ దర్గాకు పోయి తాయెత్తు తెచ్చింది, బాసరలో మొక్కింది. నెల గడిచినా బెంగ పోలేదు. గడువు తప్పు లెక్కపెట్టానేమో, అధికమాసం కలుపుకోవాలేమో అని మళ్లీ మొదలు. చెప్పొద్దూ, అన్నీ తెలుసనుకునే నాక్కూడా గుండె దడదడలాడేది. అట్లాంటి రాత్రుల్లోనే ఈ బావరి కథ ఆమెకు చెప్పాను. పురాణం వింటున్నట్టే విన్నది. మరి తల పగిలిందా అని అడిగింది. అది వినడానికైనా ఆ రోజు నాలుగు ముద్దలు తిన్నది.

పగల్లేదు. బెంగపడుతున్న బావరి దగ్గరికి ఒక దేవత వచ్చింది. ఆయన మేలు కోరేదట. ఆ వచ్చినవాడు దగాకోరు, డబ్బు కోసం వచ్చినవాడు, తల అంటే ఏమిటో తల పగలడమంటే ఏమిటో వాడికేమీ తెలియదని ధైర్యం చెప్పింది. అయితే నువ్వే చెప్పు తల్లీ అని బావరి అడిగాడు. ఇక్కడ చూడండి, ఆమె తనకూ తెలియదంటుంది! మన కథల్లో దేవత ప్రత్యక్షమైతే వరమిచ్చి పోవాలి. ఈమె తెలియదని ఒప్పుకుని, తెలిసిన మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది. కపిలవస్తు నుంచి బయల్దేరిన శాక్యుల బిడ్డ, ఇప్పుడు శ్రావస్తిలో ఉన్నాడు, ఆయన్నడుగు అంటుంది.

బౌద్ధంలో దేవతల స్థానం ఏమిటో ఈ ఒక్క చోటే తెలిసిపోతుంది. దేవతలు లేరని బుద్ధుడు వాదించలేదు. ఉంటారు, మనకంటే సుఖంగా, మనకంటే ఎక్కువ కాలం ఉంటారు. కానీ వాళ్లకీ చావుంది, వాళ్లకీ తెలియనివి ఉన్నాయి. లోకాన్ని చేసినవాడు, మన తలరాత రాసేవాడు అంటూ ఒకరున్నారనే మాట ఆయన బోధలో లేదు. ఇస్లాం, క్రైస్తవం ఒక్క దేవుడి మీద నిలబడి ఉన్నాయి. మనలో శివుడో విష్ణువో అమ్మవారో ఎవరో ఒకరు ఉండాల్సిందే. బౌద్ధంలో ఆ పీట మీద ఎవర్నీ కూర్చోబెట్టలేదు.

శ్రావస్తి పేరు వినగానే బావరికి ప్రాణం లేచొచ్చింది. తన సొంతూరు కదా! కానీ వయసేమో 120 అని రాసి ఉంది. సరిగ్గా అంతేనా అని అడక్కండి, బాగా పండిపోయిన మనిషి అని అర్థం చేసుకుందాం. తను పోలేక 16 మంది ముఖ్య శిష్యుల్ని పంపాడు. అజితుడు, పుణ్ణకుడు, మెత్తగు, ఉపసీవుడు, నందుడు, కప్పుడు, మోఘరాజు... చివరి పేరు పింగియుడు. వ్యాఖ్యానం ప్రకారం ఈ పింగియుడు బావరికి మేనల్లుడు, ఆయనకూ 120 ఏండ్లే! మేనమామా మేనల్లుడూ ఒక ఈడు వాళ్లు కావడం పాతకాలపు పెద్ద కుటుంబాల్లో మనకు వింతేమీ కాదు గానీ, అంత వయసులో ఆయన నడిచిన దూరం మటుకు వింతే.

దారి ఊళ్లన్నీ వరసగా రాసి పెట్టారు. ప్రతిష్ఠానం, అంటే ఇప్పటి పైఠన్. పైఠన్ చీరల ఊరు. అక్కణ్ణుంచి మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి. తీరా పోతే బుద్ధుడు అక్కడ లేడు. వెతుక్కుంటూ కపిలవస్తు, కుశీనగరం, పావా, వైశాలి మీదుగా మగధలో పాషాణక చైత్యం అనే చోట ఆయన్ను కలిశారు. రెండు వేల కిలోమీటర్లకు తక్కువ ఉండదు. జడలు కట్టుకుని, జింక చర్మాలు కప్పుకుని, కాలినడకన.

బావరి వాళ్లకొక కిటుకు చెప్పి పంపాడు. ప్రశ్నలు నోటితో అడగొద్దు, మనసులో అడగండి, నిజంగా తెలిసినవాడైతే నోటితో జవాబిస్తాడు అని. అజితుడు అట్లాగే మనసులో అడిగాడు. మా గురువు వయసెంత, గోత్రమేమిటి, ఒంటి మీద లక్షణాలెన్ని? అన్నిటికీ జవాబొచ్చింది. తర్వాత తల సంగతి. తల అంటే అజ్ఞానం, తలను పగలగొట్టేది జ్ఞానం అన్నాడు బుద్ధుడు. ఆ జ్ఞానానికి శ్రద్ధ, ఎరుక, ఏకాగ్రత, పట్టుదల తోడుండాలట. ఇంకేముంది, పగలాల్సిన తల పగలడమే మంచిదన్నమాట! శాపం కాస్తా తిరగబడి చదువైపోయింది. మా అత్తమ్మకు ఈ ముక్క చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నగా నవ్వింది.

అజితుడు జింక చర్మం భుజాన సవరించుకుని, గురువు బావరి తరఫున ఆయన పాదాలకు మొక్కాడు. బావరీ, శిష్యులూ సుఖంగా ఉండాలని దీవించి, మనసులో ఉన్నవన్నీ అడగమన్నాడు బుద్ధుడు. పదహారుగురూ ఒకరి తర్వాత ఒకరు అడిగారు. అన్నీ చెప్పాలంటే ఈ పేజీ చాలదు. నాకు పట్టినవి కొన్ని చెబుతాను.

పుణ్ణకుడు యజ్ఞాల గురించి అడిగాడు. రుషులూ రాజులూ ఇన్ని యజ్ఞాలు చేశారే, వాళ్లు పుట్టుకనూ ముసలితనాన్నీ దాటారా అని. దాటలేదు పొమ్మన్నాడు బుద్ధుడు. కోరికతో చేసిన యజ్ఞం కోరిక దగ్గరే ఉంచుతుందని ఆయన భావం. సొమ్మంతా మహాయజ్ఞంలో పోసిన గురువు శిష్యుడికి ఈ జవాబు! వేదమతానికీ బౌద్ధానికీ మొదటి తేడా ఇదే. అగ్నిలో నెయ్యి పోయడం కాదు, లోపల మండే ఆశను చల్లార్చుకోవడం.

మెత్తగు దుఃఖం ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగాడు. మనం నాది నాది అని పట్టుకు వేలాడే వాటి నుంచి అని జవాబు. నాలుగు ఆర్యసత్యాలని మనం బళ్లో బట్టీ పట్టింది ఇదే. దుఃఖం ఉంది, దానికి కారణం తృష్ణ, అది ఆగుతుంది, ఆగడానికి దారి ఉంది. ఆ దారికి ఎనిమిది మెట్లు. సరైన చూపు, సంకల్పం, మాట, పని, బతుకుతెరువు, ప్రయత్నం, ఎరుక, ఏకాగ్రత. డాక్టరు పద్ధతిలో ఉంటుంది, జబ్బు, కారణం, నయమవుతుందనే భరోసా, మందు.

ఉపసీవుడి ప్రశ్న గట్టిది. ముక్తుడైన వాడు పోయాక ఉంటాడా, ఉండడా? గాలికి ఆరిపోయిన దీపం ఎటు పోయిందని లెక్క చెప్పలేనట్టే అతన్ని గురించీ చెప్పలేం అన్నాడు బుద్ధుడు. ఇక్కడే ఆత్మ దగ్గర తేడా వస్తుంది. ఆత్మ చావదు, పాతబట్ట విడిచి కొత్తబట్ట కట్టినట్టు శరీరాలు మారుస్తుందని మనం నమ్ముతాం. బుద్ధుడేమో మనిషంటే శరీరం, అనుభూతి, గుర్తింపు, సంస్కారాలు, తెలివిడి, ఈ అయిదు పోగులే, వీటిలో మారకుండా ఉండే ఆత్మంటూ దొరకదన్నాడు. మరి ఆత్మే లేకుండా మళ్లీ పుట్టేదెవరు? ఈ తిరకాసు నాకూ చాలా రోజులు విడలేదు. మా చెరుకు తోటలో కార్శి చూశాక కొంత విడింది. చెరుకు నరికేశాక నేలలో మిగిలిన మోళ్ల నుంచే మరుసటి ఏడు పిలకలొస్తాయి. ఈ ఏటి గడ నిరుటి గడ కాదు. నిరుటి గడ గానుగలో నలిగి ఎప్పుడో చక్కెరయిపోయింది. అట్లాగని దీనికీ దానికీ సంబంధం లేదనీ అనలేం. నిరుటి తెగులు ఈ ఏటి పిలకకూ వస్తుంది. మోడు తవ్వి పారేస్తే కార్శి రాదు. తృష్ణ ఆ మోడు. ఈ పోలిక నాది, పండితులు ఒప్పుకుంటారో లేదో మరి.

జైనం సంగతి కూడా చెప్పాలి, బోధన్ గురించి మాట్లాడుతూ జైనం వదిలేస్తే ఎట్లా! బాహుబలి ఏలిన పౌదనపురం ఇదేనని జైనుల్లో గట్టి నమ్మకం ఉంది. రెండు మతాలూ వేద ప్రమాణాన్ని కాదన్నవే, సృష్టికర్తను పక్కన పెట్టినవే, అహింసకు పెద్దపీట వేసినవే. కానీ జైనంలో జీవుడున్నాడు, నిత్యుడు. కర్మ సన్నని ధూళిలా జీవుడికి అంటుకుంటుంది, తపస్సుతో గీకి వదిలించుకోవాలి. బుద్ధుడు కర్మ అంటే మనసులో తలచి చేసేదే అన్నాడు, ఒళ్లు మాడ్చుకునే తపస్సు వద్దన్నాడు. నియమాల్లోనూ ప్రాణం తీయొద్దు, దొంగిలించొద్దు, అబద్ధమాడొద్దు, నడవడి తప్పొద్దు, ఈ నాలుగూ ఇద్దరికీ ఉన్నాయి. ఐదోది జైనులకు అపరిగ్రహం, బౌద్ధ గృహస్థులకు మత్తు ముట్టకపోవడం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు కదా, వాళ్లకు పంచశీల ఎవరూ చెప్పలేదు గానీ ఐదో శీలం వాళ్లకు బాగా తెలుసు.

మా పక్కింటి ఆపాకు ఈ సంగతులన్నీ చెబుతుంటే ఆమె ఒకటే అడిగింది. చేసినవాడే లేకపోతే తప్పు చేసిన మనిషి ఎవరి ముందు ఏడవాలి, మాఫీ చేసేదెవరు? ఇస్లాంలోనూ క్రైస్తవంలోనూ బతుకు ఒక్కటే, చివర తీర్పు ఉంటుంది, దయ చూపే దేవుడుంటాడు. బౌద్ధంలో విత్తిన చెయ్యే కోయాలి. వేళ్లు కోసి దండ వేసుకున్న అంగుళిమాలుడు సైతం మారి అర్హంతుడయ్యాడు, నిజమే, కానీ ఊళ్లో జనం రాళ్లు రువ్వితే ఓర్చుకోవాల్సే వచ్చింది. మారొచ్చు, మాఫీ మాత్రం ఉండదు. ఆపా తల అడ్డంగా ఊపింది. ఆమెను ఒప్పించే జవాబు నా దగ్గర లేదు, ఒప్పించాలనీ అనుకోలేదు. డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం 1915లో ఆస్పత్రి పెట్టిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్ క్రైస్తవ మిషనరీ. దానికి డబ్బిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. కరుణ అనేది ఒక్క మతం వాకిట్లోనే ఆగలేదు.

కప్పుడి ప్రశ్న మాత్రం గోదారి ఒడ్డు మనిషే అడగాలి. భయంకరమైన వరద వచ్చినప్పుడు నడి నీళ్లల్లో చిక్కిన వాళ్లకు, అంటే ముసలితనం, చావు ముంచుకొచ్చిన వాళ్లకు, ఎక్కి నిలబడే లంక ఏది అని అడిగాడు. లంకలో బతికిన శిష్యుడికి వరదంటే మాట వరస కాదు. మహారాష్ట్రలో వానలు పడి కందకుర్తి దగ్గర గోదారీ మంజీరా ఒక్కటై పొంగితే ఎట్లుంటుందో మనకు తెలుసు. ఏదీ నాదనుకోకపోవడం, దేన్నీ పట్టుకోకపోవడం, అదే లంక, దాన్నే నిర్వాణమంటానన్నాడు బుద్ధుడు. స్వర్గమని, వైకుంఠమని, జన్నత్ అని ఒక చోటు చూపించే మతాలకూ దీనికీ ఎంత దూరమో చూడండి. ఇది పోయి చేరే ఊరు కాదు, దించుకునే బరువు.

చివరికి పింగియుడు. ముసలివాణ్నయ్యాను, బలం పోయింది, రంగు పోయింది, కళ్లు కనబడవు, చెవులు వినబడవు, ఏమీ తెలియని మూఢుడిగా చచ్చిపోకుండా చూడు అని మొరపెట్టుకున్నాడు. ఆ మొర చదివి నేను ఏడ్చానంటే ఏమనుకోకండి. వ్యాఖ్యానం ఇంకో మాట చేర్చింది. మిగతా పదిహేను మందీ అక్కడికక్కడే అర్హంతులయ్యారట, పింగియుడొక్కడే ఒక మెట్టు కింద ఆగిపోయాడట. కారణం, వింటున్నంతసేపూ ఇంత మంచి మాట మా మేనమామ వినలేకపోయాడే అని ఆయన మనసు గోదారి ఒడ్డుకు పోతూ ఉందట. కథలు రాసేదాన్ని కనక చెబుతున్నాను, ఇట్లాంటి ముక్క ఊహించి రాయడం అంత సులువు కాదు.

అందరూ బుద్ధుడి దగ్గరే ఉండిపోయారు. పింగియుడు ఒక్కడే అంత దారీ తిరిగి వచ్చాడు, వెలగ తోపుకు. వచ్చి బావరికి విన్నదంతా పాడి వినిపించాడు. బావరి ఆశ్చర్యపోయాడు. అంతటి మనిషిని వదిలి ఒక్క క్షణమైనా ఎట్లా ఉండగలుగుతున్నావని అడిగాడు. వదిలి లేననే పింగియుడి జవాబు. రాత్రీ పగలూ ఏమరకుండా మనసుతో చూస్తూనే ఉన్నాననీ, ముసలి ఒళ్లు అక్కడికి పోలేదు గానీ మనసు అక్కడే ముడిపడి ఉందనీ చెప్పాడు. ఇది వింటే మన భక్తి పాటలు గుర్తుకు రావూ! దేవుడు లేని మతంలో కూడా ఇంత ప్రేమకు చోటుందన్నమాట. తేడా ఏమిటంటే ఆ ప్రేమ కాపాడమని అడగదు, చూపిన దారిన నడుస్తానంటుంది.

అప్పుడు దూరాన్నుంచే బుద్ధుడు వాళ్లకు దర్శనమిచ్చి మాట్లాడాడని గ్రంథం చెబుతుంది. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. పింగియుడు అర్హంతుడయ్యాడనీ, బావరి అనాగామి అయ్యాడనీ వ్యాఖ్యానం. అనాగామి అంటే ఈ లోకానికి మళ్లీ రానివాడు, నాలుగు మెట్లలో మూడోది. బావరి ఉత్తరాదికి పోలేదు, బుద్ధుణ్ని ఎదురుగా చూడలేదు. ధర్మం ఆయన్ను వెతుక్కుంటూ ఆ లంకకే వచ్చింది. ధూళికట్ట స్తూపమూ, ఫణిగిరి ఆరామమూ, నాగార్జునకొండా, అన్నీ ఆ తర్వాతివే.

ఆ పదహారుగురి ప్రశ్నలూ జవాబులూ కలిపే పారాయణమన్నారు. అంగుత్తర నికాయంలో ఒక ఇల్లాలి సంగతి ఉంది. వేళుకంటకి నందమాత, దక్షిణగిరి అనే ప్రాంతం మనిషి. తెల్లవారకముందే లేచి ఈ పారాయణాన్ని రాగయుక్తంగా చదువుకునేదట. ఒకనాడు ఆకాశాన పోతున్న కుబేరుడు ఆగి చివరిదాకా విని మెచ్చుకున్నాడని రాశారు. ఆమె బతుకేమీ చల్లగా లేదు. ఒక్కగానొక్క కొడుకు నందుణ్ని రాజులు ఏదో వంకన పట్టుకుపోయి చంపేశారు. పట్టుకున్నప్పుడూ చంపినప్పుడూ తన మనసు తొణకలేదని, వంటయ్యాక భిక్షువులకు వడ్డించి, సారిపుత్తుడికి ఆమె మామూలుగా చెబుతుంది. ఆయనంతటి వాడే ఆశ్చర్యపోయాడు. ఆమె చీకటితో లేచి పాడుకున్నది మన గోదారి లంక నుంచి నడిచిపోయిన వాళ్ల ప్రశ్నలే.